ఊరి పాత సమాధుల తోట చరిత్ర రాయడం ఎలా

సమాధుల తోట చరిత్ర రాద్దామనుకున్న సంఘం సాధారణంగా ముందు వ్యవస్థాపకుడి గురించి ఒక పేజీ రాసుకుంటుంది. "ఫలానా దొరగారు ఈ స్థలం కొని సంఘానికిచ్చారు" అని మొదలుపెడతారు. ఆ మాట ఎక్కడిదని అడిగితే శతాబ్ది ఉత్సవాల సంచిక తీసి చూపిస్తారు. సంచికలోకి ఎలా వచ్చిందో చెప్పగలిగినవాళ్ళు ఉండరు. ఈ వరస తిరగేయండి. ముందు రాళ్ళు, తర్వాత రిజిస్టర్లు, ఆ తర్వాత భూమి కాగితాలు, వ్యవస్థాపకుడు చిట్టచివర. ఇలా వెళ్తే ఒక్క మనిషికి బదులు ముగ్గురు నలుగురు బయటపడతారు. భూమి ఇచ్చినవారు ఒకరు, ప్రహరీ కట్టించినవారు ఒకరు, అక్కడ మొదట మట్టికిచ్చింది ఒకరిని, సంఘాన్ని నిలబెట్టింది ఇంకొకరు. ఈ నలుగురూ ఒకే మనిషి కావడం అరుదు.

ఇక్కడ ఉదాహరణలు ఎక్కువగా బందరువి. డచ్చివారి సమాధులు, ఇంగ్లీషు కంపెనీవారివి, తెలుగు క్రైస్తవులవి ఒకే ఊళ్ళో దొరుకుతాయి కాబట్టి పద్ధతి చెప్పడానికి వీలుగా ఉంటుంది. డచ్చివారు పదిహేడో శతాబ్దం తొలి ఏళ్ళలోనే అక్కడ వర్తకశాల పెట్టారు. ఇంగ్లీషువారు 1611లో వచ్చారు. పద్ధతి మటుకు ఎక్కడైనా ఒకటే. పల్నాడులో లూథరన్ తోటకైనా, కూర్చోబెట్టి సమాధి చేసే జంగాల దొడ్డికైనా, పాత ఖబరస్తానుకైనా పనికొస్తుంది.

వెళ్ళేముందు

మొదట అనుమతి. తోట చర్చిదైతే పాస్టరేట్ కమిటీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట చాలదు. పని సగంలో ఉండగా కమిటీ మారితే మళ్ళీ మొదటికొస్తుంది. స్థలం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంటే ఫొటో, కొలత వరకే మీ పని. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద అక్కడ రాయిని కడగడం, కదిలించడం, పక్కన తవ్వడం మీరు చేయకూడదు. చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ప్రహరీ మరమ్మతుకు కూడా శాఖను అడగాల్సిందే.

కోస్తాలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అప్పటికి ఈశాన్య వానలు వెళ్ళి గడ్డి ఎండుతుంది, రాయి పొడిబారుతుంది, ఏటవాలు ఎండ ఎక్కువసేపు దొరుకుతుంది. చలికాలమే కదా అని పాముల సంగతి తేలిగ్గా తీసుకోకండి. పగిలిన గోరీల లోపలి వెచ్చదనం వాటికి ఇష్టం. మోకాలి కింది దాకా వచ్చే బూట్లు వేసుకోండి, చేతికర్ర పట్టుకోండి, పలక కింద చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టండి.

సామాను పెద్దగా అక్కర్లేదు. 30 మీటర్ల టేపు, 5 మీటర్ల చిన్న టేపు, పురికొస, పొట్టి మేకులు, దిక్సూచి, రెండడుగుల ఎత్తు అద్దం, బలమైన టార్చి, మెత్తటి నైలాను బ్రష్షు, చెక్క లేదా వెదురు గరిటె, నీళ్ళు చిమ్మే సీసా, పెన్సిళ్ళు, అట్టకు బిగించిన ఫారాలు. పెన్నుతో రాస్తే చెమటకీ మంచుకీ చెరిగిపోతుంది.

చెట్లూ తుప్పలూ

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే, అదీ మంచి ఉద్దేశంతో. శుభ్రం చేద్దామని యువకులు వచ్చి ఒక ఆదివారం పూట ఎండుగడ్డికి నిప్పు పెడతారు. ఆ వేడికి పాలరాయి పిండిలా రాలుతుంది, నల్లరాయి పొరలు పొరలుగా లేస్తుంది, గచ్చు పగులుతుంది. నూరేళ్ళ వానకు పోని అక్షరం అరగంటలో పోతుంది. తుప్పల్ని కొడవలితో కొట్టించండి, నిప్పు జోలికి పోకండి.

సర్కారు తుమ్మను నేలకు జానెడు ఎత్తులో కోయించండి. జేసీబీతో వేళ్ళు పీకిస్తే పక్కనున్న ఇటుక గోరీలు కూడా లేచి వస్తాయి. రావి, జువ్వి, మర్రి గోరీ సందుల్లో మొలిస్తే మొక్కను లాగకండి. వేరు అప్పటికే ఇటుకల మధ్య పాకి ఉంటుంది, లాగితే గోడే విడిపోతుంది. కాండాన్ని రాయికి ఆనించి కోసి, చిగురు వేసినప్పుడల్లా మళ్ళీ కోయండి. ఒకటి రెండేళ్ళు పడుతుంది. లావైన వేరు గోడను పట్టుకుని నిలబెడుతుంటే దాన్ని వదిలేయడమే మేలు.

తుప్పలు కొట్టేముందే ఒకసారి తోటంతా ఫొటోలు తీయండి. బిళ్ళగన్నేరు, గన్నేరు వరసగా కనిపిస్తే వాటి కింద రాయిలేని గోరీలుండే అవకాశం ఉంది. ఎవరో నాటినవే అయి ఉంటాయి. అన్నీ కొట్టేశాక ఆ గుర్తు దొరకదు.

నంబర్లూ పటమూ

తోటను పది మీటర్ల చదరాలుగా విభజించండి. పెద్ద దారి వెంట ఒక కొస నుంచి మరో కొసకు పురికొస కట్టండి, అదే మూల గీత. దానికి లంబంగా గీత కావాలంటే 3, 4, 5 మీటర్ల త్రిభుజం చాలు. మూల గీత మీద 3, పక్కకు 4 కొలిచి, ఆ రెండు కొసల మధ్య సరిగ్గా 5 వచ్చేదాకా సర్దండి. ప్రతి గోరీకీ కనీసం రెండు మూలల దూరాన్ని మూల గీత మీది రెండు మేకుల నుంచి కొలవండి. ఫోను జీపీఎస్ తోట ఎక్కడుందో చెప్పడానికి బాగుంటుంది. గోరీ గోరీకీ తేడా చెప్పలేదు, ఎందుకంటే దానిలో మామూలుగానే మూడు నుంచి ఐదు మీటర్ల తప్పు ఉంటుంది. ఆ దూరంలో మూడు గోరీలు పడతాయి.

నంబరు రాయి మీద రాయకండి. పెయింటు అసలే వద్దు. పటం మీద రాసి, ఫొటోలో పక్కన పలక పెట్టి చూపిస్తే సరిపోతుంది. ఒకసారి ఇచ్చిన నంబరు ఎప్పటికీ మార్చకండి. మధ్యలో కొత్త గోరీ బయటపడితే 47కీ 48కీ మధ్య 47అ అని చేర్చండి.

ప్రతి గోరీకీ ఒక ఫారం. అందులో నంబరు, చదరం, తల ఏ దిక్కుకు, రాయి రకం, పొడవు వెడల్పు ఎత్తు, ఆకారం (పడుకోబెట్టిన పలక, నిలువు రాయి, పెట్టె, స్తంభం, మట్టి దిబ్బ), స్థితి, శాసనం, ఫొటో నంబర్లు ఉండాలి. దిక్కు రాయడం మరవొద్దు. క్రైస్తవ గోరీల్లో తల పడమరకు, పాదాలు తూర్పుకు ఉండటం వాడుక. మన దేశంలో ముస్లిం గోరీలు ఉత్తర దక్షిణాలుగా, ముఖం పడమటికి ఉంటాయి. ఒక వరస వరసంతా వేరే దిక్కుకు తిరిగి ఉంటే, అది తోటకన్నా ముందుదో, వేరే సంఘానిదో, కొత్త ప్రహరీకి సర్దుకుని తవ్వినదో అయి ఉంటుంది. ఆ ప్రశ్న ఫారంలో రాసి పెట్టుకోండి. నేల కుంగిన చోట్లు, వరసగా పాతిన ఇటుకలు, తలవైపు పెట్టిన ఒంటి బండ కూడా గోరీలే. వాటికీ నంబరివ్వాలి. బీదవాళ్ళ గోరీలు అవే.

అక్షరాలు చదవడం

మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటో దండగ. ఎండ నేరుగా పడితే చెక్కిన గీతలో నీడ పడదు. వెలుతురు రాతి ముఖాన్ని దాదాపు ఆనుకుని, పది పదిహేను డిగ్రీల వాలుగా పక్కనుంచి రావాలి. పొద్దున్నో సాయంత్రమో ఆ వాలు దానంతటదే దొరుకుతుంది. మిగతా వేళల్లో ఒకరు రాతిని గొడుగుతో నీడ చేస్తే, ఇంకొకరు నాలుగైదు అడుగుల దూరం నుంచి అద్దంతో ఎండను పక్కవాటుగా పడేయాలి. బాగా అరిగిన రాళ్ళకు రాత్రిపూట టార్చే నయం. కెమెరాను స్టాండు మీద కదలకుండా ఉంచి, టార్చిని నాలుగు వైపుల నుంచీ మార్చి నాలుగు ఫొటోలు తీయండి. ఎడమ నుంచి చదవలేనిది పైనుంచి వెలుగు పడితే తేలిపోవచ్చు. డచ్చి పలకల మీద అక్షరాలు సాధారణంగా ఉబ్బెత్తుగా చెక్కి ఉంటాయి. నీడ గీత లోపల కాక గీతకు బయట పడుతుందని గుర్తుపెట్టుకుని చదవాలి.

సుద్దముక్క రుద్దడం, మైదా చల్లడం, బొగ్గు పూయడం మానేయండి. సుద్ద గరుకు, మెత్తటి రాతి అంచుల్ని అరగదీస్తుంది. మైదా రంధ్రాల్లో చేరి బూజుకు మేతవుతుంది. పాలరాతి మీద సీసపు అక్షరాలు ఊడిపోయిన చోట చిన్న చిన్న గుంటలు మిగులుతాయి. ఆ గుంటల వరస ఒక్కో అక్షరానికి ఒక్కో తీరులో ఉంటుంది. అదే పలక మీద ఊడకుండా మిగిలిన అక్షరాలతో పోల్చి చూస్తే మిగతావి తెలుస్తాయి.

శాసనాన్ని ఉన్నది ఉన్నట్టు దింపండి. రాతి మీద వరస విరిగిన చోట ఏటవాలు గీత పెట్టండి, పోయిన అక్షరాలకు చదరపు కుండలీకరణాల్లో చుక్కలు పెట్టండి, మీ ఊహ అయితే పక్కన ప్రశ్నార్థకం చేర్చండి. అక్షరదోషాన్ని దిద్దకండి. ఇద్దరు విడివిడిగా చదివి, తర్వాత పోల్చుకోవాలి. తేడా వచ్చిన అంకెలే మీకు పని పెట్టేవి.

ఆ అంకెల్లో ఎక్కువ తప్పులు రంగు వేసేవాళ్ళ వల్ల వస్తాయి. ఈస్టరుకో నవంబరు 2న సమాధుల పండుగకో కుటుంబాలు గోరీలకు సున్నం కొట్టించి, అక్షరాలకు నల్ల ఎనామిల్ దిద్దిస్తాయి. దిద్దేవాడికి ఆ భాష రాకపోతే 3 కాస్తా 8 అవుతుంది, 1 పోయి 7 వస్తుంది. రంగును నమ్మకండి. వేలితో తడిమి, రంగు కింద ఉలి గీత ఎటు పోయిందో చూడండి.

డచ్చి రాళ్ళకు పట్టున పది మాటలొస్తే చాలు. "హియర్ లైట్ బెగ్రావెన్" అంటే ఇక్కడ పూడ్చబడి ఉన్నారు. "గెబోరెన్" పుట్టుక, "ఓవర్లేడెన్" మరణం, "హౌస్‌ఫ్రౌ" భార్య, "కోప్‌మన్" వర్తకుడు, "ఒపర్‌హోఫ్ట్" ఆ వర్తకశాల అధిపతి. "యారెన్", "మాండెన్", "డాగెన్" వరసగా ఏళ్ళు, నెలలు, రోజులు. లాటిన్లో "ఒబీట్" మరణించెను. "ఎటాటిస్" దగ్గర జాగ్రత్త, ఎటాటిస్ 32 అంటే చాలాసార్లు ముప్ఫై రెండో ఏట అని, అంటే నిండింది 31. 7బర్, 8బర్, 9బర్, 10బర్ అని కనిపిస్తే అవి ఏడు నుంచి పదో నెలలు కావు. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, డిసెంబరు. యు, వి అక్షరాలు ఒకటే రూపంలో ఉంటాయి. పొడుగాటి ఎస్ చూడటానికి ఎఫ్ లా ఉంటుంది.

తారీకుల్లో ఇంకో చిక్కుంది. ఇంగ్లీషువారు 1752 దాకా పాత పంచాంగమే వాడారు. వారి లెక్కలో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి ఇంగ్లీషు రాతి మీద 1720 ఫిబ్రవరి అని ఉంటే అది మన లెక్కలో 1721 కావచ్చు. హాలండు రాష్ట్రం అప్పటికే కొత్త పంచాంగానికి మారింది. బందరులో డచ్చి గోరీనీ ఇంగ్లీషు గోరీనీ పక్కపక్కన పెట్టి ఎవరు ముందు పోయారని తేల్చేటప్పుడు, 1700కు ముందు పది రోజులు, తర్వాత పదకొండు రోజులు సర్దుబాటు చేయాలి.

తెలుగు రాళ్ళ మీద తెలుగంకెలుంటే ౨కీ ౩కీ తేడా బాగా చూడండి, అరిగితే రెండూ ఒకలాగే ఉంటాయి. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం, ఫసలీకి, అంటే శిస్తు లెక్కల సంవత్సరానికి, 590 కలపాలి. ఫసలీ మద్రాసు లెక్కలో జూలై నుంచి జూన్ దాకా నడుస్తుంది కాబట్టి 1300 ఫసలీ అంటే 1890 జూలై నుంచి 1891 జూన్. తెలుగు సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే తొందరపడకండి, అరవై ఏళ్ళకోసారి అదే పేరు మళ్ళీ వస్తుంది. రక్తాక్షి అంటే 1804, 1864, 1924 మూడూ అవుతాయి. అక్షరాల తీరు, రాయి రకం చూసి తేల్చుకోవాలి.

కడగడం, అతకడం

చదవడానికి అవసరమైతేనే కడగండి, అదీ మంచినీళ్ళతో. బందరులాంటి చోట్ల బోరు నీళ్ళు ఉప్పన. ఆ ఉప్పు రాతిలోకి ఇంకి, ఎండినప్పుడు గడ్డకట్టి, పైపొరను లోపలి నుంచి తోసేస్తుంది. ఆరడుగుల పలకకు రెండు బకెట్లు సరిపోతాయి. ముందు రాయంతా తడపండి, పావుగంట ఆగండి, కిందినుంచి పైకి బ్రష్షు చేయండి. పైనుంచి మొదలుపెడితే మురికినీరు పొడిరాతి మీద జారి చారలు కడుతుంది. నాచును చెక్క గరిటెతో నెమ్మదిగా లేపండి. ముందుగా వేలి కణుపుతో తట్టి చూడండి. బోలుగా మోగితే పైపొర విడిపోయినట్టే, ఆ రాతిని ముట్టుకోకండి.

యాసిడ్ పాలరాతినీ పలనాటి సున్నపురాతినీ కరిగిస్తుంది. బ్లీచింగ్ పౌడరు లవణాల్ని వదిలిపెడుతుంది. ఇనుప బ్రష్షు గీతలు గీసి, రాలిన ముక్కలు తుప్పు మరకలు చేస్తుంది. సిమెంటు సంగతి వేరుగా చెప్పాలి, మన ఊళ్ళలో మరమ్మతు అంటేనే సిమెంటు కాబట్టి. పాత గోరీలు ఇటుకా సున్నమూ. వాటిలోకి వచ్చిన తేమ సున్నపు గచ్చులోంచి బయటికి పోతుంది. పైన సిమెంటు పూస్తే దారి మూసుకుపోయి, తేమ ఇటుకలోంచీ రాతిలోంచీ బయటపడబోతుంది, అక్కడే ఉప్పు పేరుకుని పొరలు రాలతాయి. మూడు నాలుగు వానాకాలాల తర్వాత సిమెంటు నిలబడి ఉంటుంది, లోపలి ఇటుక పిండైపోతుంది. బాగా నానిన సున్నం ఒక పాలు, కడిగిన ఏటి ఇసుక మూడు పాళ్ళు కలిపిన గచ్చు వాడండి. సముద్రపు ఇసుక వద్దు. కనీసం వారం పాటు తడిగోనెలు కప్పాలి, లేకపోతే నెర్రెలిస్తుంది.

రిజిస్టర్లు

రాళ్ళు కొందరి గురించే చెబుతాయి. మిగతావాళ్ళంతా చర్చి సమాధుల రిజిస్టరులో ఉంటారు. మరణించిన రోజు, భూస్థాపన రోజు, పేరు, వయసు, వృత్తి, మరణకారణం, ఆరాధన జరిపినవారు అన్న గళ్ళుంటాయి. ప్రతి నమోదుకూ రాతి నంబరు జతచేసుకుంటూ వెళ్ళండి. రెండూ కలిసినవి, రాయి ఉండి నమోదు లేనివి, నమోదు ఉండి రాయి లేనివి అని మూడు కట్టలు తయారవుతాయి. చివరిదే అన్నిటికన్నా లావు, చరిత్ర ఎక్కువగా దాగున్నదీ అందులోనే. వరసగా కలరా అని రాసిన నెలలు, పురుళ్ళలో పోయిన తల్లులు, పేరు పెట్టకముందే పోయిన బిడ్డలు అక్కడ కనిపిస్తారు. వయసుల్ని అక్షరసత్యంగా తీసుకోకండి. 30, 40, 50 దగ్గర కుప్పపడి ఉంటే రాసినాయన అంచనా వేశాడన్నమాట.

తెలుగు పేర్లను మిషనరీలు ఇంగ్లీషులో ఎవరికి తోచినట్టు వాళ్ళు రాశారు. ఒకే మనిషి మూడు రూపాల్లో దొరుకుతాడు. ఇంటిపేరు బదులు తండ్రి పేరో ఊరి పేరో ఉంటుంది, బాప్తిస్మం తర్వాత పేరే మారిపోయి ఉంటుంది. ఒక మారుపేర్ల పట్టిక మొదటి రోజు నుంచే పెట్టండి. ఇంటిపేర్లను ఊళ్ళో పెద్దల చేత ఒప్పించుకోండి.

స్థానిక రిజిస్టరు పోయిందంటే పని ఆగిపోయినట్టు కాదు. మద్రాసు రాజధానిలోని (ప్రెసిడెన్సీలోని) ఆంగ్లికన్ చర్చిల నుంచి ఏటా నకళ్ళు పైకి వెళ్ళేవి. అవి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డుల్లో మద్రాసు విభాగం కింద ఉన్నాయి. బందరుకు ఇది చాలా ముఖ్యం. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు ముప్ఫై వేలమంది చనిపోయారు. అంతమందికి విడివిడి గోరీలు, రాళ్ళు ఎలా ఉంటాయి? మీ తోటలో 1864 చివర రాళ్ళు తక్కువగా ఉన్నాయని ఆ ఏడు మరణాలు తక్కువని రాస్తే ఘోరమైన తప్పవుతుంది. ఇంకో హెచ్చరిక, ఆ నకళ్ళలో ఎక్కువమంది యూరోపియన్లు, యూరేషియన్లే. తెలుగు విశ్వాసుల కోసం మిషను కాగితాలు చూడాలి. చర్చి మిషనరీ సొసైటీవి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో, లండన్ మిషనరీ సొసైటీవి లండన్ ప్రాచ్య అధ్యయన సంస్థ (సోయాస్) లైబ్రరీలో, అమెరికన్ బాప్టిస్టులవి అట్లాంటాలో ఉన్నాయి. డచ్చి కంపెనీ కాగితాలు హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లోనూ, కొన్ని చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనూ దొరుకుతాయి.

మీ కంటే ముందు ఎవరైనా ఈ రాళ్ళు చదివారేమో చూడండి. కోరమాండల్ డచ్చి సమాధుల మీద పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ 1897లో, మద్రాసు రాజధాని సమాధి శాసనాల మీద జూలియన్ జేమ్స్ కాటన్ 1905లో జాబితాలు వెలువరించారు. నూరేళ్ళ కింద వాళ్ళకు కనిపించిన అక్షరం మీకు కనిపించకపోవచ్చు. వాళ్ళు ఎన్నుకున్నవి పెద్దవాళ్ళ రాళ్ళు. వాళ్ళ జాబితాలో లేకపోతే గోరీ లేదని కాదు.

భూమి కాగితాలు

ఇక్కడే చాలా కథలు కూలిపోతాయి. ఆంధ్రలో తోట సర్వే నంబరుతో ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) తీయించండి. పట్టణమైతే టౌన్ సర్వే రిజిస్టరు చూడాలి. ఎస్టేటు (జమీందారీ) గ్రామమైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, ఇనాము భూమైతే ఇనాం ఫెయిర్ రిజిస్టరు. తెలంగాణలో తొలి సర్వే నాటి భూమి రిజిస్టరు సేత్వార్, 1954–55 నాటి భూమి రికార్డు ఖాస్రా పహాణీ చూడాలి. పాత నంబర్లు రీసెటిల్‌మెంటులో మారి ఉంటాయి, పాత కొత్త నంబర్ల పట్టిక అడగకుండా బయటికి రాకండి. విస్తీర్ణం పోల్చేటప్పుడు ఎకరానికి 100 సెంట్లు, సెంటుకు 48.4 చదరపు గజాలు, గుంటకు 121 చదరపు గజాలు. మీరు కొలిచిన దానికీ కాగితానికీ తేడా ఎక్కువగా ఉంటే ఆక్రమణో, తోట తర్వాత పెరగడమో జరిగిందన్నమాట.

ఆర్‌ఎస్‌ఆర్‌లో "శ్మశానం పోరంబోకు" అని ఉంటే అది ప్రభుత్వ భూమిగా నమోదైంది. ఫలానావారు కొని దానమిచ్చారన్న కథకు అప్పుడు దస్తావేజు చూపించాలి. ఆయన కలెక్టరును అడిగి స్థలం ఇప్పించి ఉండొచ్చు, అదీ గొప్ప పనే, కానీ దానం కాదు. దస్తావేజు కోసం సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఒకటో పుస్తకం (స్థిరాస్తి దస్తావేజులది), పేర్ల సూచిక, ఆస్తుల సూచిక వెతికించండి. దాత పేరుతో దొరకనిది మిషను సంస్థ పేరుతో, సంస్థ తరఫున సంతకం పెట్టిన ట్రస్టీ పేరుతో దొరుకుతుంది. పాత కాగితాల్లో డచ్చివారు "వలందా", ఫ్రెంచివారు "పరాసు" అని ఉంటారు. బందరులో వలందపాలెం, పరాసుపేట ఇంకా ఉన్నాయి కాబట్టి ఆ రూపాలతోనూ వెతకండి.

వ్యవస్థాపకుడెవరు

ఇప్పటికి మీ దగ్గర అన్నిటికన్నా పాత రాయి తేదీ, తొలి రిజిస్టరు నమోదు, తొలి భూమి కాగితం ఉంటాయి. వ్యవస్థాపకుడని చెప్పుకునే మనిషి ఊరికి వచ్చిన ఏటిని వాటి పక్కన పెట్టండి.

బందరులో నోబుల్ కళాశాల పేరు తెలియనివారు లేరు. చర్చి మిషనరీ సొసైటీ మిషనరీ రాబర్ట్ నోబుల్ 1841లో హెన్రీ ఫాక్స్‌తో కలిసి వచ్చాడు, 1843లో బడి తెరిచాడు, స్వదేశానికి తిరిగి వెళ్ళకుండా 1865లో బందరులోనే పోయాడు. బడికి ఆయనే స్థాపకుడు, సందేహం లేదు. మీరు చూస్తున్న తోటలో 1841 కంటే పాత రాయి ఒక్కటి దొరికితే చాలు, తోటకు ఆయన స్థాపకుడు కాడు. అదే ఊళ్ళో సెయింట్ మేరీస్ చర్చి గురించి మరో కథ ఉంది. 1809లో పోయిన అరబెల్లా రాబిన్సన్‌ను తోటలో పూడ్చనివ్వకపోతే మేజర్ జనరల్ జాన్ పేటర్ ఆమె గోరీ మీదే గుడి కట్టించాడని చెప్పుకుంటారు. ఇలాంటి కథను కొట్టిపారేయకండి, మింగేయకండి. ముక్కలు చేయండి. ఆమె గోరీ ఎక్కడుంది, తేదీ ఏమిటి, గుడి ఎప్పుడు పూర్తయింది, డబ్బు ఎవరిది, పూడ్చనివ్వలేదన్నది ఏ కాగితంలో ఉంది? మొదటి నాలుగూ రుజువై అయిదోది నోటిమాటగా మిగిలితే అలాగే రాయండి.

స్థాపకుడి గోరీ తోటలో లేకపోవడం కూడా మామూలే. గుంటూరులో 1842లో లూథరన్ సేవ మొదలుపెట్టిన ఫాదర్ హేయర్ అమెరికాలో 1873లో పోయాడు. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర 1910లో న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో పోయాడు. గోరీ వెతుక్కుంటూ తోటలో నెలలు గడపకముందే మిషను మరణవార్తలు చూసుకుంటే ఆ శ్రమ తప్పుతుంది. కొన్నిచోట్ల ఉన్నది గోరీ కాదు, జ్ఞాపకఫలకం. కింద ఎవరూ ఉండరు.

ఒంగోలు మాట వచ్చింది కాబట్టి అసలు సంగతి. అక్కడి చర్చి 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఏర్పడింది. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కాగితాల్లో ముందు కనిపించే పేరు క్లౌ. అంతకుముందు 1866లోనే బాప్తిస్మం పొంది, తోళ్ళ వ్యాపారం మీద తిరిగే ఊళ్ళలో మాదిగవాడల్లో సువార్త చెప్పినవాడు తాళ్ళకొండపాడు యర్రగుంట్ల పేరయ్య. సంఘం నిలబడింది అతని తిరుగుళ్ళ మీద. మీ ఊళ్ళోనూ దొర పేరు రాతిమీద ఉంటుంది, పేరయ్యలాంటివాడు మట్టిదిబ్బ కింద ఉంటాడు. మా లెక్కలో చిన్న సంఘం చరిత్రకు ఆ రెండోవాడిని తేల్చడమే పెద్దపని. రిజిస్టరులో తొలి ఇరవై ముప్ఫై బాప్తిస్మాలకు సాక్షులెవరో చూడండి, అదే పేరు పదేపదే వస్తుంటే దారి దొరికినట్టే.

పెద్దలను అడగడం

రాళ్ళూ కాగితాలూ అయ్యాకే పెద్దల దగ్గరకు వెళ్ళండి. పటం చేతిలో పెట్టి, "ఈ 31వ నంబరు ఎవరిది తాతగారూ" అంటే జవాబొస్తుంది. "తోట చరిత్ర చెప్పండి" అంటే ఉత్సవాల సంచికలోని మాటే తిరిగొస్తుంది. పాస్టరుగారికన్నా గోరీలు తవ్వే మనిషికి ఎక్కువ తెలుసు. ఎక్కడ తవ్వితే ఎముకలు తగిలాయి, ఏ కుటుంబం ఒకే గోరీలో మళ్ళీ పూడ్చింది, ఏ వైపు నీరు ఊరుతుంది అనేవి అతని నోటే ఉంటాయి. అతనికి ఆ రోజు కూలి ఇచ్చి కూర్చోబెట్టండి. పేర్లు రాబట్టడానికి సమాధుల పండుగ రోజును మించింది లేదు. కొవ్వొత్తులు వెలిగించడానికి కుటుంబాలు వాటంతటవే తమ తమ గోరీల దగ్గర నిలబడతాయి. పటం పట్టుకున్న నలుగురు నాలుగు మూలలా ఉంటే ఆ సాయంత్రం వచ్చే సమాచారం ఆరు నెలలు ఇళ్ళు తిరిగినా రాదు.

తోటలో కులాల వారీగా వరసలు విడిపోయి ఉంటే దాన్ని దాచకండి, పటంలో ఉన్నట్టే చూపించండి. అలాగని బతికున్నవారి తల్లిదండ్రుల మరణకారణాలు, పెళ్ళికాని తల్లుల వివరాలు అచ్చువేయకండి. ఇటీవలి గోరీలకు పేరు, ఏళ్ళు చాలు, అదీ కుటుంబం ఒప్పుకుంటేనే.

అచ్చు, నకళ్ళు

పుస్తకంలో ముందు పటం, తర్వాత నంబరు వరసలో శాసనాలు, తర్వాత రాయిలేనివారి పట్టిక, చివర వ్యవస్థాపకుల అధ్యాయం పెట్టండి. ప్రతి వాక్యానికీ రాయి, కాగితం, నోటిమాట అన్న మూడింటిలో ఏది ఆధారమో పక్కన ఒక్క అక్షరంతో గుర్తించండి. పేర్ల సూచిక తెలుగు అక్షరక్రమంలో ఇంటిపేరుతో ఒకటి, ఇంగ్లీషు రూపాలతో ఒకటి కావాలి. విదేశాల నుంచి తాతల కోసం వెతికేవారికి రెండోదే ఆధారం. సర్వే నంబరు, హద్దుల కొలతలు అచ్చువేసేముందు కమిటీతో మాట్లాడండి. ఆక్రమణ కేసు నడుస్తుంటే వకీలు చూశాకే.

ఫొటోలు, ఫారాలు మూడు చోట్ల ఉంచండి, అందులో ఒకటి ఊరి బయట ఉండాలి. కోస్తాలో తుపాను వస్తే చర్చి బీరువా, కార్యదర్శిగారి ఇల్లు రెండూ ఒకే రోజు మునుగుతాయి. అచ్చు ప్రతులు చర్చికి, జిల్లా గ్రంథాలయానికి, రాష్ట్ర ఆర్కైవ్స్‌కు, దక్షిణాసియా సమాధుల మీద 1976 నుంచి పనిచేస్తున్న బ్రిటిష్ సంఘానికి (బాక్సా, BACSA) పంపండి. ఆ సంఘం వివరాలు బ్రిటిష్ లైబ్రరీకి చేరతాయి. ప్రతి పేజీ అడుగున సర్వే చేసిన నెల, సంవత్సరం వేయండి. ఏటా వానాకాలం వెళ్ళాక అదే నంబర్ల వరసలో ఒక చుట్టు ఫొటోలు తీయించే బాధ్యత యూత్ కమిటీకి అప్పగించండి. ఏ రాయి ఏ ఏడు పగిలిందో అప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు.